నాన్నగారికి సీపాప్ మాస్క్ సెట్టవ్వట్లేదు, ముక్కు మీద పుండు పడింది. ఏ మాస్క్ తీసుకోమంటారు?

మొగల్తూరు ఆడపడుచు:

అందరికీ నమస్కారమండి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా నాన్నగారికి 61 ఏళ్ళు, మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. గురక మేం చిన్నప్పట్నుంచీ వింటున్నదే, మా ఇంట్లో దాన్నెవరూ జబ్బనుకోలేదు. కానీ ఈ మధ్య నిద్రలో ఊపిరి ఆగిపోయి, ఉక్కిరిబిక్కిరై దిగ్గున లేచి కూర్చుంటున్నారు, పగలు కుర్చీలో కూర్చుంటే చాలు తల వాల్చేస్తున్నారు, చివరికి కాలవగట్టు మీద బండి నడుపుతూ కునుకు పట్టేసి తూము గోడకి గుద్దుకున్నారు. దేవుడి దయవల్ల మోకాళ్ళు దోక్కుపోవడంతో పోయింది, అటు పక్క నిండా నీళ్ళతో కాలవ ఉంది, తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

స్లీప్ స్టడీ చేయిస్తే ఏహెచ్ఐ 46 వచ్చింది, సివియర్ అన్నారు, అంటే గంటకి 46 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో అవుతుందంట. ఆటో సీపాప్ రాశారు, అంటే నిద్రలో ఊపిరి దారి మూసుకుపోకుండా మాస్క్‌లోంచి గాలి తోసే మెషీన్, ప్రెజర్ 6 నుంచి 16. మెషీన్ అమ్మినాయన ఇంటికొచ్చి నాన్నగారు కుర్చీలో కూర్చునుండగానే ముక్కూ నోరూ కలిపి కప్పేసే ఫుల్ ఫేస్ మాస్క్ పెట్టి, పట్టీలు బిగించి, లార్జ్ సైజు సరిపోద్దండి అనేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే అలవాటవుద్దండి అంటాడు తప్ప ఇంకో మాట లేదు.

రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకుంటారు, ఒంటిగంటకల్లా తీసి పక్కన పడేస్తారు. గాలి కళ్ళల్లోకి కొడుతుందంట, పొద్దున్న చూస్తే కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. లీకవుతుందని అమ్మ పట్టీలు బిగిస్తుంది, బిగించేకొద్దీ ముక్కు దూలం మీద ఒత్తుకుపోయి అక్కడ తోలు లేచి పుండు పడింది. నోరు ఎండిపోయి నాలిక పిడచకట్టుకుపోతుంది. మాస్క్ ముందు వైపు చిన్న చిన్న కన్నాల్లోంచి బుస్సుమని గాలొస్తుంటే అదీ లీకే అనుకుని అమ్మ నిన్న రాత్రి గుడ్డ చుట్టింది.

నాజల్ పిల్లోస్ అని చిన్న రకం ఉంటుందంట కదా, దానికి మారమంటారా? నాన్నగారికి మీసం పెద్దది, తీయమంటే వినరు. కరెంటు పోతే ఆ మాస్క్‌లో ఊపిరాడదేమోనని అమ్మకి భయం, రాత్రంతా కాపలా కాసినట్టు మేలుకునే ఉంటుంది. అమ్మ ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే, పోయినేడాదే పేస్‌మేకర్ పెట్టారు. ఇద్దరికీ నిద్ర లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కోనసీమ మాస్టారు:

అమ్మాయీ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ గుడ్డ తీయించేయమ్మా. ఆ కన్నాలు లీక్ కాదు, మాస్క్‌కి కావాలని పెట్టినవే. మనం వదిలిన ఊపిరి, అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అదే. అవి మూస్తే వదిలిన గాలే మళ్ళీ పీల్చాల్సొస్తుంది. ఆ బుస్సు శబ్దం రాత్రంతా ఉండాల్సిందే అని అమ్మగారికి నెమ్మదిగా చెప్పు.

కరెంటు భయానికి కూడా చెప్తాను. ఫుల్ ఫేస్ మాస్కుల్లో పైపు తగిలించే మోచేయి లాంటి ముక్క దగ్గర ఒక పల్చటి రేకు ఉంటుంది. మెషీన్ గాలి తోస్తున్నంతసేపూ ఆ రేకు మూసుకుని ఉంటుంది, గాలి ఆగిందంటే తెరుచుకుని బయటి గాలి లోపలికొస్తుంది. పగలు మెషీన్ ఆపేసి అమ్మగారి ఎదురుగానే నాన్నగారికి మాస్క్ పెట్టి ఊపిరి తీసుకోమను, ఆవిడ కళ్ళతో చూస్తే ధైర్యం వస్తుంది. రేకు చిరగకుండా, మురికి పట్టి అతుక్కుపోకుండా రోజూ ఓసారి చూసుకోవాలి. ముక్కుకి మాత్రమే పెట్టే మాస్కుల్లో ఈ రేకు ఉండదు, కరెంటు పోతే మనిషి నోరు తెరిచి పీల్చుకుంటాడు.

ఇక పుండు. మాస్క్ లీకైతే బిగించాలి అనిపించడం సహజమే కానీ ఈ సిలికాన్ కుషన్ పనిచేసే తీరు వేరు. దాని అంచు రెండు పొరలు, లోపలి గాలికి పై పొర ఉబ్బి మొహానికి ఆనుకుంటేనే సీల్ అవుతుంది. పట్టీ లాగి బిగిస్తే ఆ పొర మడతపడిపోతుంది, లీక్ ఇంకా పెరుగుతుంది, బరువంతా ముక్కు ఎముక మీద పడుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అచ్చంగా ఇదే.

పెట్టే పద్ధతి ఇదమ్మా. పట్టీలన్నీ వదులు చేసి, నాన్నగార్ని మంచం మీద, రోజూ తల పెట్టుకునే దిండు మీదే పడుకోబెట్టి, మెషీన్ ఆన్ చేసి అప్పుడు మాస్క్ పెట్టాలి. గాలొస్తుండగా మాస్క్‌ని మొహం మీంచి అర అంగుళం పైకి లాగి మెల్లిగా వదిలితే కుషన్ ఉబ్బి సర్దుకుంటుంది. అప్పుడు రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా, లీక్ ఆగేదాకా బిగించి అక్కడితో వదిలేయాలి. తర్వాత పక్కకి తిరిగి పడుకోమని మళ్ళీ చూడాలి. కూర్చున్నప్పుడు బుగ్గలు ఒకలా ఉంటాయి, పడుకుంటే జారి ఇంకోలా అవుతాయి, అందుకే కుర్చీలో బిగించిన మాస్క్ మంచం మీద నిలవదు. ఆ అమ్మినాయన చేసింది నాకు అస్సలు నచ్చలేదు, పెద్దాయన మొహానికి పెట్టేదాన్ని అలాగా ఇచ్చి పోవడం!

ఇంకో మాట అడుగుతాను, నాన్నగారు రాత్రిపూట తలకి కొబ్బరినూనె రాసుకుంటారా? మన వైపు చాలామందికి అలవాటు. నూనె నుదుటి మీదకి దిగితే కుషన్ జారిపోతుంది, సిలికాన్ కూడా తొందరగా మెత్తబడి పాడవుతుంది. పడుకునే ముందు సబ్బుతో మొహం కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. పౌడర్, క్రీమ్ ఏవీ వద్దు.

స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ:

మాస్టారు చెప్పినవన్నీ కరెక్టండి. నేను వేరే విషయం అడగాలి మేడమ్, చాలా ముఖ్యం. నాన్నగారి మాస్క్‌కి కింద పట్టీలు ఎలా తగులుకుంటాయి? దగ్గర పెట్టగానే టక్కున అతుక్కుంటాయా? అలా అయితే అవి అయస్కాంతం క్లిప్పులు. అమ్మగారికి పేస్‌మేకర్ ఉందన్నారు కాబట్టి అడుగుతున్నాను. మాస్క్ అయస్కాంతాల గురించి 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్ కంపెనీలు రెండూ హెచ్చరికలు ఇచ్చాయి. పేస్‌మేకర్, ఐసీడీ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) లాంటివి ఉన్నవాళ్ళు అలాంటి మాస్క్ పెట్టుకోకూడదు, మాస్క్ పెట్టుకున్న మనిషికి బాగా దగ్గరగా ఉండేవాళ్ళకి ఉన్నా వాడకూడదు. పక్కన పడుకునేవాళ్ళు కూడా అందులోకే వస్తారు. అమ్మగారు ఆయన మీదకి వంగి పట్టీలు సర్దుతుంటే ఆ క్లిప్పులు సరిగ్గా మామూలుగా పేస్‌మేకర్ పెట్టే చోటికే, ఆవిడ ఎడమ భుజం కిందకే వస్తాయి కదా. కంగారు పడొద్దు, కానీ ఈ రాత్రి నుంచి ఆ మాస్క్ అమ్మగారిని ముట్టుకోనివ్వకండి, మంచాలు వేరు చేయండి, పేస్‌మేకర్ పెట్టిన డాక్టరుగారికి ఫోన్ చేసి చెప్పండి.

అయస్కాంతం లేని ఫుల్ ఫేస్ మాస్కులు ఉన్నాయి, ఫిషర్ అండ్ పేకెల్ వాళ్ళ సింప్లస్ అలాంటిదే, ప్లాస్టిక్ కొక్కేలతో తగులుకుంటుంది. రెస్‌మెడ్‌లో పీ10 పిల్లోస్‌కి కూడా అయస్కాంతాల్లేవు. ఏది కొన్నా బాక్సు మీద చూసి, షాపులో చేత్తో పట్టుకుని చూసి తీసుకోండి.

మెషీన్ ఏదైనా మాస్క్ ఏ కంపెనీదైనా పెట్టుకోవచ్చు, మామూలు మెషీన్లకి పైపు కొలత 22 మిల్లీమీటర్లే. కాకపోతే మాస్క్ రకం మారిస్తే మెషీన్ సెట్టింగ్స్‌లో కూడా మాస్క్ టైప్ మార్చాలి, లేకపోతే లీక్ లెక్క తప్పు చూపిస్తుంది. మీ మెషీన్ రిపోర్టులో లీక్ ఎంత ఉందో చెప్పగలరా? రెస్‌మెడ్ మెషీన్లలో 95 పర్సెంటైల్ లీక్, అంటే వాడిన సమయంలో 95 శాతం సేపు లీక్ దాటని అంకె, నిమిషానికి 24 లీటర్ల లోపు ఉండాలి. ప్రెజర్ 95 పర్సెంటైల్ ఎంతో కూడా చెప్పండి.

రావులపాలెం కుర్రోడు:

నోరు ఎండిపోతుందంటున్నారు కదా అక్కా, నోటికి టేప్ వేసేసి ముక్కు మాస్క్ పెట్టేస్తే సరిపోద్ది, వీడియోల్లో అందరూ అదే చేస్తున్నారు.

స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ:

తమ్ముడూ, పెద్దవాళ్ళకి అది చెప్పకు. రాత్రి ముక్కు మూసుకుపోయినా, వాంతి వచ్చినా, మెషీన్ ఆగిపోయినా నోరొక్కటే దారి. డాక్టరుగారు చూసి చెప్తే తప్ప టేప్ జోలికి వెళ్ళొద్దు. గడ్డం కింద పట్టీ కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. అసలు నోటితో ఎందుకు పీలుస్తున్నారు అనేది ముందు చూడాలి, చాలామందికి ముక్కు దిబ్బడే కారణం, దాన్ని సరిచేస్తే నోరు దానంతటదే మూసుకుంటుంది.

భీమవరం కోడలు:

వదినా, మా ఆయనకి కూడా సేమ్ ఇదే, మీసం కూడా సేమ్! అందుకే రాస్తున్నా. మీసం ఉన్నోళ్ళకి ఏ మాస్క్ ఎక్కడ ఆనుతుంది అన్నది చూసుకోవాలి. ముక్కు ఒక్కదాన్నే కప్పే నాజల్ మాస్క్ ఉంటుంది చూడు, దాని కింద అంచు సరిగ్గా పై పెదవి మీద, అంటే మీసం మీదే కూర్చుంటుంది, వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. మా ఆయన ముందు దానితోనే అవస్థ పడ్డారు. ఫుల్ ఫేస్ అయితే మీసం చాలావరకు మాస్క్ లోపలే ఉండిపోతుంది, కోరమీసం కొసలు బుగ్గల మీదకి వచ్చినచోటే ఇబ్బంది. పిల్లోస్ అయితే రెండు చిన్న బుడిపెలు ముక్కుపుటాల అంచుకి ఆనుకుంటాయి, మీసంతో పెద్ద పేచీ ఉండదు, ముక్కు దూలం మీద అసలేమీ ఉండదు, కళ్ళల్లోకి గాలి కొట్టే పనే లేదు. కళ్ళజోడు కూడా పెట్టుకోవచ్చు, మా ఆయన పడుకునే ముందు పేపరు చదువుకుంటారు. ఇప్పుడు హాయిగా పడుకుంటున్నారు, నేనూ పడుకుంటున్నా, ఇన్నేళ్ళకి.

కానీ వదినా పిల్లోస్ అందరికీ పడవు, నోరు తెరుచుకుని పడుకుంటే గాలంతా నోట్లోంచి పోతుంది. ప్రెజర్ ఎక్కువైతే ముక్కుపుటాలు మంట పుడతాయి. బాక్సులో స్మాల్, మీడియం, లార్జ్ మూడు సైజులూ వస్తాయి చాలావాటికి, చిన్నది పెట్టుకుంటే లోపలికి దూరిపోయి పుండు పడుతుంది, లార్జ్‌తో మొదలుపెట్టి చూడండి.

గడ్డం మటుకు మాపుకుని ఉంటే ఫుల్ ఫేస్ లీకవుద్ది, నాలుగు రోజుల గడ్డం మరీ. పొద్దున్న కాకుండా సాయంత్రం గీసుకోమనండి.

మొగల్తూరు ఆడపడుచు:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదండి. టెక్నీషియన్ గారూ, మీరు అన్నట్టే మాస్క్‌కి అయస్కాంతం క్లిప్పులేనండి, స్పూను పెడితే అతుక్కుంది. చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెంటనే అమ్మ మంచం పక్క గదిలోకి మార్చాం, డాక్టరుగారికి ఫోన్ చేస్తే మాస్క్ మార్చేయండి, అమ్మగార్ని ఓసారి తీసుకొచ్చి పేస్‌మేకర్ చెక్ చేయించుకోండి అన్నారు. ఇంత పెద్ద విషయం అమ్మేవాళ్ళు ఒక్క మాట అడగరా అండి, ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉందా అని? ప్రతి ఒక్కళ్ళనీ అడగాలి కదా.

మెషీన్‌లో చూశాను, ప్రెజర్ 95 పర్సెంటైల్ 11.8, లీక్ 43. ఏహెచ్ఐ 14 చూపిస్తుంది. మాస్టారూ, కొబ్బరినూనె రాసుకుంటారండి, అమ్మే రాస్తుంది రోజూ! మీరు ఎలా కనిపెట్టారో. ఇప్పట్నుంచి పొద్దున్న రాసుకుంటారంట. గడ్డం రెండ్రోజులకోసారి గీస్తారు.

నాన్నగారికి ఎప్పుడూ ముక్కు ఒక వైపు మూసుకునే ఉంటుంది, నోరు తెరిచే పడుకుంటారు. కాబట్టి పిల్లోస్ కుదరదేమో కదా? మెషీన్ గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ తొట్టిలో ఇంట్లో కొనుక్కునే మినరల్ వాటర్ టిన్ను నీళ్ళే పోస్తున్నాం, పర్లేదా? ఏసీ గదిలో పడుకుంటే తెల్లారుజామున పైపులో నీళ్ళు గుడగుడలాడి మొహం మీద పడుతున్నాయంట, దానికి లేచి కూర్చుంటున్నారు.

స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ:

లీక్ 43 అంటే చాలా ఎక్కువ మేడమ్, అంత లీక్‌లో మెషీన్ చూపించే ఏహెచ్ఐని కూడా పూర్తిగా నమ్మలేం, ప్రెజర్ సరిపోవట్లేదని ఇప్పుడే అనుకోకండి. ముందు మాస్క్ సరైతే మిగతా అంకెలు వాటంతటవే మారతాయి.

నోరు తెరిచి పడుకుంటారు, ముక్కు ఒక వైపు పని చేయట్లేదు, ప్రెజర్ దాదాపు 12. ఈ పరిస్థితిలో ఇప్పటికి ఫుల్ ఫేసే నయం, అయస్కాంతం లేనిది, సైజు కొలిచి. కంపెనీలు సైజు కొలిచే కాగితం ఇస్తాయి, దాన్ని ఫోన్‌లో చూసి కొలవకూడదు, ప్రింట్ తీస్తే కూడా 100 శాతం సైజులో తీయాలి. నాన్నగారి మొహం పెద్దదని లార్జ్ ఇచ్చుంటారు, కానీ చూడాల్సింది ముక్కు దూలం నుంచి కింది పెదవి కింద దాకా ఉన్న పొడవు. కళ్ళల్లోకి గాలి కొడుతుందంటే సైజు పెద్దదయ్యుండొచ్చు, మీడియం పెట్టి చూడమనండి. ముక్కు దూలం మీద అసలు ఆనకుండా ముక్కు కిందే ఆగిపోయే ఫుల్ ఫేస్ రకం కూడా ఉంది, పుండు మానేదాకా అది చాలా సుఖం. కాకపోతే వాటిలో కొన్నిటికి అయస్కాంతాలుంటాయి, చూసుకోండి. మార్చి ఇస్తారా, ఎన్ని రోజుల్లోపు ఇస్తారు అనేది డబ్బులు కట్టకముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి.

పుండు మీద మళ్ళీ అదే మాస్క్ పెట్టకండి. అలాగని ఇంత సివియర్ ఉన్నాయన మాస్క్ మానేసి ఉండటం కూడా మంచిది కాదు. అందుకే కొత్తది రేపే చూడండి, అప్పటిదాకా పక్కకి తిరిగి పడుకోమనండి, తల వైపు ఎత్తు పెట్టండి, బండి మాత్రం నడపనివ్వకండి.

ఆ ముక్కు ఒక వైపు సంగతి ఈఎన్‌టీకి చూపించాల్సిందే. లోపల దూలం వంకర కావచ్చు, ఎలర్జీ కావచ్చు. అది సరైతే అప్పుడు పిల్లోస్ గురించి ఆలోచించొచ్చు, నాన్నగారు మీసంతో సహా సుఖంగా ఉంటారు.

కోనసీమ మాస్టారు:

నీళ్ళ గురించి నేను చెప్తానమ్మా. టిన్ను నీళ్ళు కూడా వద్దు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. టిన్ను నీళ్ళల్లోనూ కొంత ఉప్పు మిగిలే ఉంటుంది, తొట్టి అడుగున తెల్లగా పొర కడుతుంది. మన సముద్రం వారన బోరు నీళ్ళైతే ఇక చెప్పక్కర్లేదు. బ్యాటరీలో పోసే నీళ్ళు తెస్తారు కొందరు, ఊపిరితిత్తుల్లోకి పోయే గాలికి అది వాడొద్దు, మెడికల్ షాపులో అడిగి తెప్పించుకోండి. మిగిలిన నీళ్ళు రోజూ పొద్దున్నే పారబోసి తొట్టి కడిగి ఆరబెట్టాలి.

పైపులో నీళ్ళు చేరడానికి కారణం ఏసీ చల్లదనమే. హ్యుమిడిఫైయర్‌లోంచి వేడి ఆవిరి వస్తుంది, పైపు బయట చల్లగా ఉంటే లోపల నీరవుతుంది. ఏసీ 26కి పెంచండి, హ్యుమిడిఫైయర్ ఒక పాయింటు తగ్గించండి, పైపుకి గుడ్డ తొడుగు వేయండి, అంటే పైపుకి మాత్రమే, మాస్క్‌కి కాదు! మెషీన్ మంచం కన్నా కిందుగా ఉండాలి, అప్పుడు నీళ్ళు వెనక్కి పోతాయి. వేడి చేసే పైపు కూడా దొరుకుతుంది, మెషీన్‌కి సరిపోయేదైతే అదే తీసుకోండి. వానాకాలం ఏసీ లేకుండా పడుకున్నప్పుడు మన గాల్లోనే బోలెడు తేమ, అప్పుడు బాగా తగ్గించుకోవచ్చు.

దోమతెర కట్టుకుంటారా? పైపుని మంచం తలవైపు నుంచి, నెత్తి మీదుగా తెచ్చి తెర లోపలికి వదలండి, పక్కనుంచి తెస్తే తిరిగినప్పుడల్లా మాస్క్‌ని లాగేస్తుంది. చాలా లీకులు దాని వల్లే.

మొగల్తూరు ఆడపడుచు:

ఈ రోజు రాజమండ్రి వెళ్ళొచ్చామండి. పడుకోబెట్టి చూపించమని గట్టిగా అడిగితే షాపులో బల్ల మీద పడుకోబెట్టారు, మెషీన్ మాదే తీసుకెళ్ళాం, ప్రెజర్ పెట్టి చూస్తే నిజంగానే మీడియం సరిపోయింది. అయస్కాంతం లేనిది, ముక్కు కిందే ఆగిపోయే రకం. పది రోజుల్లో మార్చుకోవచ్చని బిల్లు మీద రాయించాం. నాన్నగారు పెట్టుకుని అక్కడే పది నిమిషాలు గుర్రు లేకుండా నిద్రపోయారు, అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఒక్కటే సమస్య. చెరువు మీద రొయ్యల పట్టుబడి ముందు రాత్రులు షెడ్డులోనే పడుకుంటారు, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే లేవాలి కదా. అక్కడ కరెంటు పోతే జనరేటరు వేసేలోపు మెషీన్ ఆగిపోతుంది. ఇన్వర్టరు పెడితే సరిపోద్దా?

స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ:

సరిపోతుంది మేడమ్, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు, అంటే లైను కరెంటు లాంటి కరెంటే ఇచ్చే రకం తీసుకోండి. ఎక్కువ కరెంటు తాగేది హ్యుమిడిఫైయర్, వేడి పైపు. షెడ్డులో ఆ రెండూ ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. మెషీన్‌లో స్మార్ట్ స్టార్ట్ లాంటిది ఉంటే ఆన్ చేసిపెట్టండి, కరెంటు వచ్చాక మాస్క్‌లో ఊపిరి తీసుకోగానే అదే మొదలవుతుంది, బటన్ వెతుక్కోనక్కర్లేదు. షెడ్డులో మేత దుమ్ము ఉంటుంది కదా, మెషీన్ వెనకున్న ఫిల్టరు వారానికోసారి తీసి చూడండి, నల్లబడితే మార్చేయండి.

కుషన్ రోజూ పొద్దున్న గోరువెచ్చని నీళ్ళు, మామూలు మెత్తటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. స్పిరిట్, డెట్టాల్ వద్దు, ఎండలో అసలు వద్దు, గట్టిపడిపోతుంది. పట్టీలు వారానికోసారి చాలు. కొన్ని నెలలకి కుషన్ మెత్తబడి మళ్ళీ లీక్ మొదలవుద్ది, అప్పుడు పట్టీలు బిగించకుండా కుషన్ ఒక్కటే కొత్తది కొనండి, మాస్క్ మొత్తం అక్కర్లేదు.

మెషీన్‌లో మాస్క్ టైప్ ఫుల్ ఫేస్ అనే ఉందో లేదో చూసి, ఒక వారం వాడాక లీక్, ఏహెచ్ఐ అంకెలు ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.

భీమవరం కోడలు:

వదినా, ఈఎన్‌టీ అపాయింట్‌మెంటు కూడా తీసేసుకో, రొయ్యల పట్టుబడి అయ్యాక అంటారు, తర్వాత మళ్ళీ చెరువులో కొత్త రొయ్యపిల్ల వేయడం అంటారు, మన మగవాళ్ళ సంగతి తెలిసిందే కదా. పేస్‌మేకర్ చెకప్‌కి అత్తయ్యగారిని తీసుకెళ్ళే రోజే ఆయన్నీ బండెక్కించు, ఒక్క ప్రయాణంలో అయిపోద్ది.